లినక్స్‌లో సస్పెండ్, రెజ్యూమ్: గ్రాఫిక్స్ డ్రైవర్ల చిక్కులు

నడుస్తున్న కంప్యూటర్‌ను ఎక్కడి పని అక్కడే ఆపి, నామమాత్రపు విద్యుత్తుతో నిలిపి ఉంచడాన్ని సస్పెండ్ అంటారు. ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపించడం రెజ్యూమ్. లినక్స్ వాడేవాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది ఈ రెండోదే. ల్యాప్‌టాప్ మూత తీస్తే ఫ్యాను తిరుగుతుంది, కీబోర్డు దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. లేదా తెర వస్తుంది గానీ అక్షరాలు ఉండాల్సిన చోట రంగుల ముక్కలు కనిపిస్తాయి. కొన్నిసార్లు మౌస్ బాణం కదులుతుంది, విండోలు మాత్రం బిగుసుకుపోతాయి. ఇంకొన్ని యంత్రాలు ఇలా పడుకుని అలా లేచి కూర్చుంటాయి. వీటన్నిటినీ జనం 'సస్పెండ్ పనిచేయడం లేదు' అని ఒకే మాటలో చెప్పేస్తారు. కానీ వాటి మూలాలు వేర్వేరు చోట్ల ఉంటాయి: ఫర్మ్‌వేర్‌లో, కెర్నల్‌లో, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో, డెస్క్‌టాప్‌లో. పని ఏ దశలో ఆగిపోయిందో తేల్చుకోవడమే ఇక్కడ సగం వైద్యం.

నిద్రలో రకాలు

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏపీఎం పద్ధతిలో నిద్ర బాధ్యత దాదాపుగా బయోస్‌దే. ఆపరేటింగ్ సిస్టమ్ అడిగేది, బయోస్ చేసేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన ఏసీపీఐ ఆ బాధ్యతను ఆపరేటింగ్ సిస్టమ్ నెత్తిన పెట్టింది. 2013 నుంచి ఈ ప్రమాణాన్ని యూఈఎఫ్ఐ ఫోరం చూసుకుంటోంది. ఇందులో ఎస్3 అంటే ర్యామ్‌కు తప్ప దాదాపు మిగతా అన్నిటికీ విద్యుత్తు ఆపేయడం. ఎస్4 అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులోకి రాసి యంత్రాన్ని పూర్తిగా ఆర్పేయడం, అంటే హైబర్నేట్.

మూడో రకం కొత్తది. లినక్స్ దీన్ని ఎస్2ఐడిల్ అంటుంది. విండోస్ వైపు దీని పేరు మోడర్న్ స్టాండ్‌బై. ఇందులో యంత్రం నిజానికి పడుకోదు. ఎస్0 అనే మెలకువ స్థితిలోనే ఉండి, ప్రాసెసర్‌నూ పరికరాలనూ ఒక్కొక్కటిగా అతి లోతైన విశ్రాంతికి పంపుతుంది. ఫోన్లలో జరిగేది ఇదే. సిస్ ఫైల్‌సిస్టమ్‌లోని పవర్ డైరెక్టరీలో మెమ్-స్లీప్ అనే ఫైల్‌ను తెరిచి చూస్తే యంత్రానికి ఏయే రకాలు చేతనవునో తెలుస్తుంది. 'డీప్' అని ఉంటే ఎస్3 ఉన్నట్టు, చదరపు బ్రాకెట్లలో ఉన్నది ప్రస్తుతం వాడుతున్నది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్2ఐడిల్ ఒక్కటే కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఆరో తరం థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌తో ఇది పెద్ద చర్చే అయింది. ఎస్3 లేకుండా అమ్మకానికి వచ్చిన ఆ యంత్రాల్లో వాడకందారులు ఏసీపీఐ పట్టికలను స్వయంగా దిద్దుకుని ఎస్3 తెచ్చుకున్నారు. తర్వాత లెనోవో బయోస్ అప్‌డేట్‌లో 'స్లీప్ స్టేట్' అనే అమరిక పెట్టి, అందులో లినక్స్ అనే ఎంపిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ ఒప్పుకోని యంత్రంలో ఎస్3ని బలవంతాన రప్పిస్తే పడుకోవడం బాగానే పడుకుంటుంది, లేవడమే ఉండదు.

గ్రాఫిక్స్ చిప్ సంగతి ఎందుకు వేరు

నెట్‌వర్క్ కార్డు ఎస్3లో విద్యుత్తు కోల్పోతే దాని డ్రైవర్ కొన్ని రిజిస్టర్లు మళ్లీ రాసి, లింకు తెచ్చుకుంటే పని అయిపోతుంది. గ్రాఫిక్స్ చిప్‌లో మరిచిపోవడానికి ఉన్న సరుకే ఎక్కువ: గడియారాల వేగాలు, పేజీ టేబుళ్లు, చిప్‌లోపలి చిన్న ప్రాసెసర్లకు ఎక్కించే ఫర్మ్‌వేర్, తెరతో కుదుర్చుకున్న లింకు, బ్యాక్‌లైట్ స్థాయి. ఇవన్నీ ఒక వరసలో తిరిగి నిలబడాలి. విడి గ్రాఫిక్స్ కార్డులకు వీటికి తోడు సొంత మెమరీ, అంటే వీర్యామ్ ఉంటుంది. విద్యుత్తు పోతే అందులోని బొమ్మలు, అక్షరాల ఆకృతులు, విండోలు అన్నీ చెరిగిపోతాయి. ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్ అయితే ప్రధాన ర్యామ్‌నే వాడుకుంటుంది, ఎస్3లో ర్యామ్ బతికే ఉంటుంది కాబట్టి దానికి ఈ బెడద తక్కువ. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్ గొడవ లేకుండా లేవడానికీ, గేమింగ్ కార్డు పెట్టుకున్న యంత్రం మొండికేయడానికీ ప్రధాన కారణం ఇదే.

ఇంకో చిక్కు ఉంది. యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు కార్డుమీది వీడియో బయోస్‌ను ఫర్మ్‌వేర్ నడిపి కార్డును సిద్ధం చేస్తుంది. ఎస్3 నుంచి లేచేటప్పుడు సాధారణంగా ఆ పని చేయదు. కార్డును సున్నా నుంచి లేపడం ఎవరో ఒకరి వంతు. ఆ 'ఎవరో' ఎవరన్న ప్రశ్న చుట్టూనే లినక్స్‌లో ఈ విషయం చరిత్రంతా తిరిగింది.

2000ల్లో కెర్నల్‌కు గ్రాఫిక్స్ గురించి తెలిసింది స్వల్పం. తెరను నిజంగా నడిపింది యూజర్ స్పేస్‌లోని ఎక్స్ సర్వర్. నిద్ర లేచేటప్పుడు కెర్నల్ ముందు లేస్తుంది, ఎక్స్ తర్వాత లేస్తుంది; ఈ మధ్యలో తెరకు దిక్కు ఉండదు. అందుకే పడుకునే ముందు టెక్స్ట్ కన్సోల్‌కు మారి, లేచాక తిరిగి గ్రాఫిక్స్‌కు వచ్చే అలవాటు పుట్టింది. వీడియో బయోస్‌ను బలవంతంగా మళ్లీ నడిపించే కెర్నల్ పారామీటర్లు వచ్చాయి. మాథ్యూ గారెట్ రాసిన వీబీఈటూల్ అదే పనిని యూజర్ స్పేస్ నుంచి చేసేది. ఏ మోడల్ ల్యాప్‌టాప్‌కు ఏ చిట్కా పనిచేస్తుందో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక పట్టిక ఉండేది. ఆ పట్టిక చదువుతుంటే ఇంజనీరింగ్ కంటే నాటువైద్యమే గుర్తుకొస్తుంది.

కెర్నల్ మోడ్ సెట్టింగ్ రాకతో ఈ పరిస్థితి మారింది. తెరను అమర్చే పని ఎక్స్ చేతిలోంచి కెర్నల్‌లోకి వచ్చింది. ఇంటెల్‌కు 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో, రేడియాన్‌కు అదే ఏడాది 2.6.31తో, ఎన్విడియా కార్డుల స్వేచ్ఛా డ్రైవర్ నూవోకు 2010 ఫిబ్రవరిలో 2.6.33తో ఇది అందింది. కార్డును పడుకోబెట్టేదీ లేపేదీ ఒక్కడే కావడంతో పాత చిట్కాల పట్టికకు పని తగ్గిపోయింది. ఈ చరిత్ర తెలిస్తే ఇప్పటికీ కనిపించే ఒక పొరపాటు అర్థమవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర రాలేదని నోమోడ్‌సెట్ అనే పారామీటర్ ఇచ్చి, తర్వాత దాన్ని గ్రబ్‌లో అలాగే వదిలేస్తారు. అది ఉన్నంతకాలం అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పనిలోకి దిగదు, నిద్ర లేచాక తెరను నిలబెట్టే నాథుడే ఉండడు. సస్పెండ్ చిక్కు ఏదైనా సరే, ముందు కెర్నల్ కమాండ్ లైన్‌లో ఈ మాట ఉందేమో చూసుకోవాలి.

పడుకునే వరస

సస్పెండ్ ఆదేశం రాగానే కెర్నల్ ముందుగా యూజర్ ప్రోగ్రాములను గడ్డకట్టిస్తుంది. దీనికి ఇచ్చే గడువు మామూలుగా 20 సెకన్లు. ఏ ప్రోగ్రామైనా ఆ లోపు ఆగకపోతే ప్రయత్నం రద్దయి, మొండికేసిన ప్రోగ్రాము పేరు లాగ్‌లో పడుతుంది. తర్వాత పరికరాల వంతు: సన్నాహం, సస్పెండ్, ఆలస్య సస్పెండ్, చివరగా ఇంటరప్ట్‌లు ఆపేశాక మిగిలిన దశ. ఆపైన ఫర్మ్‌వేర్‌కు అప్పగింత. లేచేటప్పుడు ఇదే మెట్ల వరస తిరగబడుతుంది.

వరస ఎందుకు ముఖ్యమో వీర్యామ్‌తో తెలుస్తుంది. కార్డు మెమరీలో ఉన్నది ప్రధాన ర్యామ్‌లోకి తరలించాలి. ర్యామ్‌లో ఖాళీ లేకపోతే కొంత స్వాప్‌లోకి నెట్టాలి. కానీ అప్పటికే డిస్కు పడుకుని ఉంటే స్వాప్ ఎక్కడిది? తరలింపు అక్కడే విఫలమవుతుంది. అందుకే ఏఎండీ డ్రైవర్‌లో ఈ ఖాళీ చేసే పనిని ఇంకా ముందు దశకు, డిస్కు మెలకువగా ఉన్నప్పటికే జరిపారు. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచి ఉన్నప్పుడు మాత్రమే విఫలమై, కొత్తగా బూట్ చేసిన వెంటనే బాగా పనిచేసే సస్పెండ్ కనిపిస్తే అనుమానించాల్సింది మెమరీనే.

ఎన్విడియా

ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే. ఎన్విడియా సొంత డ్రైవర్ కెర్నల్ మూలకోడ్‌లో భాగం కాదు, దాని పద్ధతులు దానివి. మామూలు అమరికలో అది వీర్యామ్‌లోని తప్పనిసరి భాగాలను మాత్రమే దాచి, మిగతాది పోనిస్తుంది. మెమరీ పోయిందన్న కబురును ప్రోగ్రాములకు అందించే ఏర్పాటు ఓపెన్‌జీఎల్‌లో ఉంది, కానీ దాన్ని పట్టించుకునే ప్రోగ్రాములు కొద్ది. ఫలితం అందరూ చూసేదే: లేచాక అక్షరాలు మాయమైన మెనూలు, చెదిరిన వాల్‌పేపర్, గళ్లుగళ్లుగా మారిన బ్రౌజర్ విండో.

దీనికి మందు ప్రిజర్వ్-వీడియో-మెమరీ-అలొకేషన్స్ అనే మాడ్యూల్ పారామీటర్‌ను 1 చేయడం. అప్పుడు డ్రైవర్ వీర్యామ్ మొత్తాన్నీ ఒక తాత్కాలిక ఫైల్‌లోకి రాసుకుంటుంది. ఈ ఒక్క పారామీటర్ పెట్టి ఊరుకుంటే మాత్రం రోగం ముదురుతుంది. దీనికి తోడుగా ఎన్విడియా సస్పెండ్, రెజ్యూమ్, హైబర్నేట్ అనే మూడు సిస్టమ్‌డీ సర్వీసులు ఎనేబుల్ అయి ఉండాలి. అవి ప్రాక్ ఫైల్‌సిస్టమ్ ద్వారా డ్రైవర్‌కు ముందే కబురు పెడతాయి. ఆ కబురు లేకుండా కెర్నల్ సస్పెండ్ మొదలుపెడితే డ్రైవర్ ఒప్పుకోదు. పారామీటర్ పెట్టారు గానీ ప్రాక్ మార్గంలో రాలేదని లాగ్‌లో సూటిగా రాసి, ప్రయత్నాన్ని విఫలం చేస్తుంది. లాగ్ చదవనివారికి కనిపించేది మాత్రం పడుకోబోయి వెంటనే లేచిన యంత్రం.

తాత్కాలిక ఫైల్ ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. ఏమీ చెప్పకపోతే అది టెంప్ డైరెక్టరీలోకి వెళ్తుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఆ డైరెక్టరీ డిస్కుమీద ఉండదు, టెంప్ఎఫ్ఎస్ రూపంలో ర్యామ్‌లోనే ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో 12 జీబీ కార్డు నిండుగా ఉంటే ఆ సరుకు పట్టే చోటు ఉండదు. డ్రైవర్‌కు టెంపరరీ-ఫైల్-పాత్ అనే మరో పారామీటర్ ఇచ్చి వార్ కింద ఉన్న టెంప్ డైరెక్టరీని చూపించడం పరిపాటి. అక్కడ కార్డు మెమరీ కంటే కాస్త ఎక్కువే ఖాళీ ఉండాలి, ఫైల్‌సిస్టమ్ పేరులేని తాత్కాలిక ఫైళ్లను అనుమతించేదై ఉండాలి. ఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ అనుమతిస్తాయి. పారామీటర్లు మార్చాక ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేయకపోతే, మాడ్యూల్ బూట్ తొలి దశలోనే ఎక్కే డిస్ట్రిబ్యూషన్లలో పాత అమరికే కొనసాగుతుంది. మార్చానని నమ్మకం, మారలేదన్నది నిజం. ప్రాక్ కింద డ్రైవర్ ఎన్విడియా డైరెక్టరీలో పారమ్స్ ఫైల్ చదివితే అసలు అమల్లో ఉన్నదేమిటో తెలుస్తుంది.

2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256 మరో చిక్కు తెచ్చింది. నిద్రకు ముందు యూజర్ సెషన్లను తానే గడ్డకట్టించడం మొదలుపెట్టింది. ఎన్విడియా సస్పెండ్ స్క్రిప్టు వర్చువల్ టెర్మినల్ మార్చమని అడుగుతుంది. ఆ మార్పుకు స్పందించాల్సిన డెస్క్‌టాప్ అప్పటికే గడ్డకట్టి ఉంటే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. సిస్టమ్‌డీ సొంత సస్పెండ్ సర్వీసులకు ఈ గడ్డకట్టించే అలవాటును ఆపే చిన్న డ్రాప్-ఇన్ ఫైలు జోడించడం దీనికి విరుగుడు. అంతదాకా బాగున్న యంత్రం సిస్టమ్ అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా చెడితే, డ్రైవర్ వెర్షన్‌తో పాటు సిస్టమ్‌డీ వెర్షన్ కూడా చూడాలని ఈ ఉదంతం చెబుతుంది.

2022 మేలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల మూలకోడ్‌ను 515 వెర్షన్‌తో బయటపెట్టింది. ట్యూరింగ్ తరం నుంచి పనిచేసే ఈ మాడ్యూళ్లు కార్డులోని జీఎస్పీ ప్రాసెసర్‌మీద నడిచే ఫర్మ్‌వేర్‌మీద పూర్తిగా ఆధారపడతాయి. జీఎస్పీని ఆపేస్తే రెజ్యూమ్ కుదురుకుంటుందన్న చిట్కా ప్రచారంలో ఉంది. అది మూసి ఉన్న పాత మాడ్యూల్‌కే చెల్లుతుంది, కొత్త దానికి ఆ దారి లేదు. ఇక నూవో సంగతి: 2014 నాటి జీటీఎక్స్ 900 తరం నుంచి కార్డులు ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌నే స్వీకరిస్తాయి, కంపెనీ ఇచ్చినంత మేరకే నూవో చేయగలుగుతుంది.

ఏఎండీ, ఇంటెల్

ఏఎండీ కార్డులకు 2015లో 4.2 కెర్నల్‌తో వచ్చిన ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, విడిగా ఎక్కించాల్సిన పని లేదు. ఇక్కడ తరచు తప్పేది ఫర్మ్‌వేర్ జోడీ. కెర్నల్ కొత్తది, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పాతది అయితే లేచేటప్పుడు కార్డులోని ఏదో ఒక భాగం మొరాయిస్తుంది. లాగ్‌లో రింగ్ టైమౌట్ అనో, పీఎస్పీ రెజ్యూమ్ విఫలమైందనో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో తెర లేచాక బిగుసుకుపోవడం, మెరవడం వంటివి ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే పొదుపు ఏర్పాటు వల్ల రావచ్చు. మారని బొమ్మను తెరే గుర్తుపెట్టుకుని చూపే ఆ ఏర్పాటును డీసీ-డీబగ్-మాస్క్ పారామీటర్‌కు 0ఎక్స్10 విలువ ఇచ్చి ఆపి చూడవచ్చు. ఇంటెల్ ఐ915 డ్రైవర్‌లోనూ అదే ఏర్పాటును ఎనేబుల్-పీఎస్ఆర్‌ను సున్నా చేసి ఆపుతారు. అయితే వీటివల్ల బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది, కాబట్టి ఇవి పరీక్షకే గానీ శాశ్వతంగా పెట్టుకోవడానికి కావు.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో విడి కార్డును పని లేనప్పుడు పూర్తిగా ఆర్పేస్తారు. పాతకాలపు బీబీస్విచ్ వంటి పరికరాలు తమంతట తామే కార్డు కరెంటు తీసేసేవి. ఇప్పుడు కెర్నలే ఆ పని చేస్తుంది. రెండూ ఒకే యంత్రంలో ఉంటే కార్డు ఆరి ఉందో వెలిగి ఉందో ఎవరికీ తెలియని స్థితి వస్తుంది. ఎప్పుడో ఎక్కించి మరిచిపోయిన అలాంటి పరికరాలను తీసేయడం మంచిది.

జాడ పట్టడం

నల్లతెర కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం సహజం, కానీ సాక్ష్యం అంతా దానితో పోతుంది. ముందు యంత్రం బతికి ఉందో లేదో చూడాలి. క్యాప్స్ లాక్ దీపం మారుతోందా? ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లగలమా? వెళ్లగలిగితే కెర్నల్ క్షేమం, తప్పు తెర దగ్గరే ఉన్నట్టు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే టెక్స్ట్ కన్సోల్ వస్తే డ్రైవర్ కూడా క్షేమమే, డెస్క్‌టాప్ మీద అనుమానం. చీకట్లో తెరమీద టార్చి వేసి చూడటం చిన్న పనే గానీ విలువైనది: బొమ్మ మసగ్గా కనిపిస్తే చెడింది బ్యాక్‌లైట్ మాత్రమే. ఏదీ పలకకపోతే ఆల్ట్, సిస్‌రిక్యూ పట్టుకుని ఎస్, యూ, బీ వరసగా నొక్కితే, డిస్ట్రిబ్యూషన్ వాటిని అనుమతించి ఉంటే, ఫైల్‌సిస్టమ్‌కు హాని లేకుండా రీబూట్ అవుతుంది.

తర్వాత గత బూట్ లాగ్ చదవాలి. జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో ముందటి బూట్ కెర్నల్ సందేశాలు తీస్తే అందులో సస్పెండ్ ఎంట్రీ, సస్పెండ్ ఎగ్జిట్ అనే రెండు గుర్తులుంటాయి. రెండూ ఉండి తెర రాకపోతే కెర్నల్ తన పని ముగించినట్టే. మొదటిది మాత్రమే ఉంటే తొందరపడకూడదు: డిస్కు పడుకున్నాక వచ్చిన సందేశాలు లాగ్‌లోకి చేరవు, కాబట్టి యంత్రం పడుకుంటూ చనిపోయిందా, లేస్తూ చనిపోయిందా అన్నది దీన్నిబట్టి తేలదు.

అది తేల్చడానికి కెర్నల్‌లోనే పీఎం-టెస్ట్ అనే సదుపాయం ఉంది. ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అనే అయిదు స్థాయిలున్నాయి. ఏ స్థాయి ఇస్తే అంతవరకే దిగి, 5 సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. డివైసెస్ స్థాయిలోనే తెర పోతే నేరం ఏదో ఒక డ్రైవర్‌దే, ఫర్మ్‌వేర్‌ను నిందించనక్కరలేదు. అన్ని స్థాయిలూ దాటితే మాత్రం డ్రైవర్ నిర్దోషి అనుకోకూడదు. ఈ పరీక్షలో కార్డు కరెంటు నిజంగా పోదు, వీర్యామ్ చెరగదు. అసలు నిద్రలో ఆ రెండూ జరుగుతాయి. అసలు నిద్రను పరీక్షించేటప్పుడు ఆర్‌టీసీవేక్ ఆదేశంతో అలారం పెట్టి పడుకోబెడితే, మూతా పవర్ బటనూ తెచ్చే అనుమానాలు పక్కకు పోతాయి.

మరీ మొండి కేసులకు 2006లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన పీఎం-ట్రేస్ ఉంది. రెజ్యూమ్ మధ్యలో యంత్రం చచ్చిపోతే తెర లేదు, డిస్కు లేదు, నెట్‌వర్క్ లేదు. రీబూట్‌ను తట్టుకుని నిలిచే చోటు ఒక్క రియల్ టైమ్ క్లాక్ మాత్రమే. అందుకని ఏ పరికరం దాకా వచ్చామో ఒక సంఖ్యగా మార్చి తేదీ, గంటల రూపంలో గడియారంలోనే రాసేస్తుంది. మళ్లీ బూట్ చేశాక ఆ సంఖ్య ఏ పరికరానికి సరిపోతుందో కెర్నల్ లాగ్‌లో చూపుతుంది. నిమిషాలను మూడేసి చొప్పున వాడుకుంటుంది కాబట్టి చచ్చిన యంత్రాన్ని మూడు నిమిషాల లోపే తిరిగి లేపాలి, లేకపోతే గడియారం నడిచి సాక్ష్యం మారిపోతుంది. పరీక్ష అయ్యాక తేదీ ఏ సంవత్సరంలో ఉందో చూసుకోవడం మరవకూడదు. ఇంత తెలివైన ఉపాయం కెర్నల్‌లో అరుదు.

కొన్ని ఫిర్యాదులు గ్రాఫిక్స్ ఖాతాలో పడతాయి గానీ దానివి కావు. పడుకున్న వెంటనే లేచే యంత్రాన్ని చాలాసార్లు లేపేది యూఎస్‌బీ మౌసో, నెట్‌వర్క్ కార్డో; ప్రాక్ కింద ఏసీపీఐ వేకప్ జాబితాలో ఎవరికి లేపే హక్కు ఉందో చూసి ఒక్కొక్కటీ తీసేయవచ్చు. సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి బ్యాటరీ ఖాళీ అయితే ఎస్2ఐడిల్‌లో లోతైన విశ్రాంతికి దిగలేదని అర్థం. ఇంటెల్‌లో పీఎంసీ-కోర్ లెక్కలు, ఏఎండీలో ఏఎండీ-పీఎంసీ డ్రైవర్ లెక్కలు చూస్తే ఎంతసేపు దిగిందో తెలుస్తుంది. ఇక్కడ గ్రాఫిక్స్ మళ్లీ అనుమానితుల జాబితాలోకి వస్తుంది, ఎందుకంటే విడి కార్డు ఆరకపోతే మొత్తం వ్యవస్థ దిగలేకపోవచ్చు. హైబర్నేట్‌కు వేరే అడ్డంకి ఉంది. 2019 నాటి 5.4 కెర్నల్‌లో చేరిన లాక్‌డౌన్ ఏర్పాటు వల్ల, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రిబ్యూషన్లు హైబర్నేట్‌ను అసలు అనుమతించవు. దానికి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు.

ఎవరి యంత్రానికో కుదిరిన పది కెర్నల్ పారామీటర్లను ఒకేసారి అంటించుకోవడం బాగా వ్యాపించిన అలవాటు. అందులో ఒకటి పనిచేసి ఉండవచ్చు, మిగతావి వచ్చే కెర్నల్‌తో కొత్త తగవు పెట్టుకుంటాయి. ఒక్కొక్కటే మార్చి, మారినదాన్ని రాసుకుంటూ పోవడం నెమ్మదైన పనే అయినా దారి అదే. బయోస్‌నూ ఫర్మ్‌వేర్‌నూ ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీతో తాజా చేసి, దీర్ఘకాల మద్దతు ఉన్న పాత కెర్నల్‌తో ఒకసారి పోల్చి చూడాలి. పాతదానిలో బాగుండి కొత్తదానిలో చెడితే అది రిగ్రెషన్; గిట్ బైసెక్ట్‌తో రెండు వెర్షన్ల మధ్యను సగం సగం చేసుకుంటూ వెళ్తే, వేల మార్పుల్లో దోషి అయిన ఒక్క మార్పు పది పదిహేను బూట్లలో చిక్కుతుంది. ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్ల లోపాలను ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో నమోదు చేస్తారు. కార్డు మోడల్, కెర్నల్ వెర్షన్, మెమ్-స్లీప్‌లో ఉన్నది, పూర్తి లాగ్ జత చేసి, బైసెక్ట్ పట్టించిన ఆ మార్పు పేరు కూడా రాస్తే, 'సస్పెండ్ పనిచేయడం లేదు' అన్న ఒక్క వాక్యంతో వచ్చిన ఫిర్యాదుల కంటే ముందు దానికే జవాబు వస్తుంది.